వందడుగులకు ఒక్క అడుగు

మొదటిసారి ఫైలు పట్టుకుని వెళ్ళినప్పుడు
మలాకీ డర్కన్ గేటు తియ్యలేదు.
అటు ఆయన, ఇటు నేను,
ఇద్దరి మీదా ఒకటే మేయో వాన.
"తాత పొలాన్ని రైలు రెండు ముక్కలు చేసింది.
రైలు పోయాక మా నాన్న
సొంత పొలంలోని చీలికని డబ్బిచ్చి కొనుక్కున్నాడు.
దాన్ని అతికించడానికి గడ్డికి అరవై ఏళ్ళు పట్టింది.
మళ్ళీ కత్తెర తెచ్చావా?"
కుక్కది కూడా అదే అభిప్రాయం.

కౌంటీ ఆఫీసులో నా హోదా పేరు చాంతాడంత.
పని మాత్రం ఇంతే:
పట్టాలు లేచిపోయిన దారిని
నడిచేవాళ్ళ కోసం, సైకిళ్ళ కోసం
అడిగి పుచ్చుకోవడం.
నలభై కిలోమీటర్లకి సంతకాలైపోయాయి.
మిగిలింది డర్కన్ల నాలుగు వందల మీటర్లు.
మ్యాపులో అది
నవ్వుతున్న నోట్లో ఊడిన పన్ను.

రెండోసారి వానే నన్ను లోపలికి తోసింది.
వంటింటి కిటికీ పక్కన ఆవిడ, అట్రాక్టా.
ఎడమ చెయ్యి ఒళ్ళో ఎవరో మర్చిపోయిన వస్తువులా ఉంది.
కుడిచేత్తోనే టీ పోసింది,
కప్పులో కొంత, సాసర్లో కొంత.
నేను ఆవులకి పెట్టే గేట్ల గురించి చెప్పాను,
కంచె గురించి, పరిహారం గురించి,
ఆయన పట్టిన కుందేటి మూడు కాళ్ళ గురించి తప్ప
అన్నీ చెప్పాను.
ఆయన బూటుకంటిన మట్టి గీకుతూ కూచున్నాడు.

ఆవిడే అడిగింది, మాటలు ఒక్కొక్కటీ ఏరుకుని:
"ఆ దారి... ఎంత... ఎత్తెక్కుతుంది?"

వందడుగులకు ఒక్క అడుగు, అన్నాను.
రైలింజనుకి ఎంత బలమున్నా
ఎత్తంటే బెదురు.
అందుకే ఆ కాలపు కూలీలు
గుట్ట వస్తే కోశారు, పల్లం వస్తే నింపారు,
పారలతో, తోపుడు బళ్ళతో,
ఇనుముకి ఆయాసం రాకుండా.

ఆవిడ సగం నోటితో నవ్వింది.
కిటికీలోంచి వాళ్ళ ఇంటి బాట కనిపిస్తోంది,
నిచ్చెన వాల్చినంత నిటారుగా.
రెండు చలికాలాలుగా ఆవిడ దాన్ని దిగలేదు.
ఆ మాట ఎవరూ అనలేదు.
టీ చల్లారింది.

మూడోసారి ఇంట్లో ఎవరూ లేరు.
కుక్క మొరగలేదు, ముందు నడిచింది.
పాత లైను మీద
బ్లాక్‌బెర్రీ ముళ్ళన్నీ నరికి ఓ పక్కకి ఈడ్చేసి ఉన్నాయి.
కంచె రాటకీ రాటకీ మధ్య
గడ్డిమోపులు కట్టే నీలం తాడు,
సరిగ్గా ఆవిడ చెయ్యెత్తున, బిగించి.
ప్రతి రాట దగ్గరా ఒక ముడి.
ఆవిడ ఏడో ముడి దగ్గరుంది.
ఆయన రెండడుగుల వెనక,
పుట్టిన దూడ లేచి నిలబడుతుంటే నిలుచున్నట్టు,
చేతులు చాపి, తాకకుండా.

నావైపు చూడకుండానే అన్నాడు:
"ఫైలు గోడ మీద పెట్టు.
పైన రాయి పెట్టు, గాలుంది.
పదో ముడి అయ్యాక చూస్తా."

పదో ముడి అయ్యేసరికి నాలుగున్నరయింది.
ఆ రాయికి అంటిన నాచు
ఇప్పటికీ ఆ కాగితం మీద ఆకుపచ్చ మరక,
ఆయన సంతకానికి కొంచెం పైన.

ఇప్పుడు ఆదివారాలు ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు.
హెల్మెట్లు, వెనక సీట్లో నిద్రపోయే పిల్లలు,
ఒకాయన సైకిలు బుట్టలో కళ్ళద్దాల్లాంటి కళ్ళతో పిల్లి.
ఆవుల గేటు తీసినవాళ్ళని మలాకీ ఏమీ అనడు,
మూయనివాళ్ళకి మాత్రం
వాళ్ళ తాతల దాకా వినిపిస్తుంది.
పోయిన నెల పాత స్టేషన్ మెట్ల మీద
అట్రాక్టా ఐస్‌క్రీం తింటూ కనిపించింది.
నన్ను చూసి కర్ర ఊపింది.
వాళ్ళ గేటు నుంచి అక్కడికి తొమ్మిది వందల మీటర్లు.
కొలిచినవాణ్ణి నేనే.

ఏటా వసంతంలో మరమ్మతుల జాబితా
నా బల్ల మీదికొస్తుంది.
పందొమ్మిదో వరస:
డర్కన్ భాగం, రాటలకి పాత తాడు, తొలగించాలి.
ఎదురుగా రాస్తాను:
వచ్చే ఏడు.